తప్పినవాళ్లదే మొదటి పాఠం

కౌలాలంపూర్,
3 ఫిబ్రవరి 2025

మావయ్యకి, అత్తయ్యకి ఉషా దండాలు.

సెలవుల్లో ఇచ్చిన మాట ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. "ఫోనులో మాటాడితే మనిద్దరం తమిళంలోకి జారిపోతాం, ఉత్తరం రాస్తేనే మన తెలుగు మిగుల్తాది" అన్నారు కదా. మిగిలింది ఎంతో మీరే చూసుకోండి. అక్షరాలు వంకరగా ఉన్నాయి. శనివారం తెలుగు క్లాసులో మీరు చెవి మెలిపెట్టి నేర్పిన బండి ఱ మాత్రం ఇంతవరకు ఎక్కడా అవసరం పడలేదు.

నా సంగతి మీకు తెలిసిందే. స్టాటిక్స్, ఆ బలాల లెక్కల పేపరు, రెండుసార్లు తప్పాను. మే నెలలో మూడోసారి రాస్తాను. ఇదీ పోతే మెకానికల్ ఇంజనీరింగ్‌లోంచి తీసేస్తారు. అప్పుడు అమ్మ అంటున్నట్టు ఊరొచ్చి గ్లవ్స్ ఫ్యాక్టరీ ఆఫీసులో చేరడమే.

మొదటిరోజు ల్యాబులో నలుగురేసి జట్టు కట్టమన్నారు. చూస్తూండగానే అయిపోయింది. చీనా పిల్లలు ఒకచోట, మలాయి పిల్లలు ఒకచోట, తమిళ పిల్లలు ముందునుంచీ ఒకే క్లాసువాళ్లు కాబట్టి ఒకచోట. నాతో చేరినవాళ్లంతా పై సంవత్సరానికి వెళ్లిపోయారు. నేను గోడపక్కన నిలబడి, ఫోనులో ఏదో ముఖ్యమైనది చదువుతున్నట్టు నటించాను.

తలుపు దగ్గర ఒక పొడుగాటి అమ్మాయి నిలబడి ఉంది. పేరు ఎఫువా, ఊరు ఘనా దేశంలో కుమాసి, సివిల్ ఆఖరి సంవత్సరం. ఆమెకి ఆ ల్యాబుతో పనే లేదు. ఇక్కడ ఆఫ్రికా నుంచి వచ్చిన ఇంజనీరింగ్ పిల్లల సంఘం ఒకటుంది, దానికి ఆమె అధ్యక్షురాలు. సెమిస్టరు మొదట్లో ప్రతి ల్యాబుకీ సంఘం తరఫున ఒకరు వచ్చి ఎవరు మిగిలిపోయారో చూస్తారట. మిగిలేది ఎప్పుడూ నల్ల పిల్లలేనట. వాళ్లని పోగుచేసి జట్టు కట్టించి మరీ వెళ్తారు. ఆ రోజు ఒక జాంబియా అబ్బాయి, ఇద్దరు నైజీరియా అమ్మాయిలు మిగిలారు. ఎఫువా నన్ను కూడా రమ్మని చెయ్యూపింది.

"నాను మలేషియా దాన్నే లా, మీ సంగం కాదు" అన్నాను ఇంగ్లీషులో, మన మలేషియా అలవాటు 'లా' తగిలించి.

"గోడపక్కన నిలబడి ఉన్నావా లేదా?" అంది.

ఉన్నాను. వెళ్లాను. అమ్మకి జట్టు దొరికిందని చెప్పండి, గోడ సంగతి చెప్పకండి.

మీ వంకరటింకర మేనకోడలు,
ఉషా

---

సుంగై పెటాని,
12 ఫిబ్రవరి

బండి ఱ ని వెక్కిరించే పిల్లకి మావయ్య ఆశీస్సులు.

అక్షరాలు వంకరే గాని తప్పులు తక్కువ. ఎర్ర ఇంకు తీశాను, రెండుచోట్ల దిద్ది మళ్లీ మూసేశాను. రిటైరయినా చెయ్యి ఊరుకోదు.

నిన్న మురుగన్ గుళ్లో తైపూసం పండుగ. మీ అత్తయ్య మోకాలు నొప్పంటూనే గుడిదాకా నడిచింది. తిరుగుదారిలో మాత్రం నా మోటారుసైకిలు వెనక కూర్చుని, ఆ నొప్పికి కారణం నేనే అన్నట్టు సాధించింది.

నీకు జట్టు దొరికినందుకు సంతోషం. కాని ఒక మాట. అక్కడ మన భారతీయ పిల్లల సంఘం లేదా? పక్కింటి సుగుమారన్‌తో అంటే "ఆఫ్రికావాళ్లా మాష్టారూ, జాగర్త లా" అన్నాడు. ఎందుకురా అంటే వాట్సాప్‌లో వచ్చిందన్నాడు. కాకరకాయ రసంలో ఉప్పు కలిపి తాగితే షుగరు పోతుందని కూడా వాడికి వాట్సాప్‌లోనే వచ్చింది. అది తాగి రెండు రోజులు మంచం దిగలేదు. కాబట్టి వాడి మాట నేను లెక్కచేయను. అయినా మేనమామని, అడక్కుండా ఉండలేను.

చదువు విషయంలో నాదొకటే మాట. నీ పరీక్ష నీది. పదిమందితో తిరిగితే పదిమంది పనులూ నెత్తికొస్తాయి. నీకు ఇంకొక అవకాశమే మిగిలింది, అది నాకు నిద్రలో కూడా గుర్తొస్తోంది.

అవసరానికి ఉంటుంది, ఎవరైనా ఒక స్నేహితురాలి ఫోను నంబరు రాయమంది అత్తయ్య.

నీ మేలు కోరే,
కాంతయ్య మావయ్య

---

కౌలాలంపూర్,
21 ఫిబ్రవరి

ఎర్ర ఇంకు మావయ్యకి,

సుగుమారన్ అంకుల్‌కి నా తరఫున కాకరకాయ రసం ఇంకో గ్లాసు పంపండి.

భారతీయ పిల్లల సంఘం ఉంది. దీపావళికి బ్రహ్మాండంగా చేస్తారు, పోయిన ఏడు నేను కూడా ఆడాను. కాని అక్కడ నా స్టాటిక్స్ సంగతి ఎవరికీ తెలియదు. నేనే తెలియనివ్వలేదు. ఇక్కడ మొదటివారమే అడిగేశారు, "నువ్వు ఎందులో తప్పావు?" అని. ఊరేది అని అడిగినంత మామూలుగా అడిగారు.

వీళ్ల పద్ధతులు చూస్తే మీరు నోరు తెరుస్తారు. లెక్చరర్ గదికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. ఒక్కళ్లు వెళ్తే "ఇంకా కష్టపడు" అని పంపేస్తారట. అందుకని ఇద్దరు వెళ్తారు. ఒకరు అడుగుతారు, రెండోవాళ్లు రాసుకుని చివర్లో "సార్, మీరు చెప్పింది ఇదేనా?" అని చదివి వినిపిస్తారు. లెక్చరర్లు కూడా ఇప్పుడు వీళ్లు వస్తున్నారంటే సర్దుకుని కూర్చుంటున్నారు. క్లాసులో వీళ్ల పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి ముందు రెండు వరసలూ వీళ్లే పట్టేస్తారు. నల్లవాళ్లకి ఇల్లు అద్దెకి ఇవ్వం అనే ఓనర్లు బోలెడంతమంది, అందుకని సీనియర్లు ఖాళీ చేసేముందే ఆ ఇంట్లోకి జూనియర్లని దింపి వెళ్తారు. లైబ్రరీ గార్డు అందర్నీ వదిలి వీళ్లనే కార్డు అడుగుతాడు. నాకే ఒళ్లు మండుతుంది. ఎఫువా మాత్రం కార్డు మెళ్లో వేసుకునే వస్తుంది. "మేం సంఘం పెట్టుకున్నది ఏడవడానికి కాదు, పాసవడానికి" అంటుంది. మావయ్యా, ఇలాంటి మనిషిని నేను చూడలేదు.

అన్నిటికన్నా వింత పద్ధతి ఒకటుంది. ఏ సబ్జెక్టుకైనా ఆదివారం మధ్యాహ్నం క్లాసు పెట్టుకుంటారు. అందులో మొదటి పాఠం ఆ సబ్జెక్టు తప్పినవాళ్లే చెప్పాలి. బాగా వచ్చినవాళ్లు తర్వాత చెప్తారు. ఎందుకని అడిగితే "చెప్పి చూడు, తెలుస్తుంది" అన్నారు. మార్చి మూడో ఆదివారం స్టాటిక్స్, నా వంతు. భయంగా ఉంది, కాని బోర్డు ముందు నిలబడాలని చెయ్యి దురదగా కూడా ఉంది. మీ పోలిక.

ఎఫువా నంబరు కింద రాశాను, అత్తయ్యకివ్వండి.

మీ ఉషా

---

సుంగై పెటాని,
1 మార్చి

ఉషాకి,

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపిస్తూ ఒకచోట ఆగిపోయాను. తప్పినపిల్ల పాఠం చెప్పడమేమిటి? తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది. నేను జీవితమంతా లెక్కలు చెప్పాను. బోర్డు దగ్గరికి ఎప్పుడూ వచ్చినపిల్లనే పిలిచాను. రానిపిల్లని పిలిస్తే పదిమంది ముందు దాని పరువు పోతుంది, క్లాసుకి తప్పు పాఠం అంటుతుంది. ఏ ఊళ్లోనైనా ఇదే న్యాయం.

ఆ పిల్లలు మంచివాళ్లే కావచ్చు. కాని వాళ్లకి నీ పరీక్ష సంగతి పట్టినట్టు లేదు. నువ్వు పాఠం తయారుచేసుకునే వారంలో ఎన్ని లెక్కలు చేసుకోవచ్చో ఆలోచించు. పైగా నువ్వు మొహమాటస్తురాలివి, కాదనలేవు.

ఎనిమిదో తారీకు మీ కౌలాలంపూర్‌లోనే, బ్రిక్‌ఫీల్డ్స్‌లో తెలుగు సంఘం సమావేశం ఉంది. నీకు ఆ రోజు క్లాసుటెస్టు అన్నావు, కాబట్టి నిన్ను కదపను. అత్తయ్య చేసిన నిమ్మకాయ ఊరగాయ మన సంఘం ఆఫీసులో పెడతాను, వీలున్నప్పుడు తెచ్చుకో. మిగతా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు లెక్కలు చేసుకో.

కాంతయ్య మావయ్య

---

కౌలాలంపూర్,
11 మార్చి

మావయ్యా,

ఊరగాయ తెచ్చుకున్నాను. తినాలని లేదు.

నన్ను తీసేశారు. ఆదివారం మీటింగులో ఎఫువా పక్కకి పిలిచి "నువ్వు పాఠం చెప్పక్కర్లేదు, నీ లెక్కలు చూసుకో, వచ్చి వింటే చాలు" అంది. నా ఆదివారం జాంబియా అబ్బాయికిచ్చింది. ఏం తప్పు చేశానని అడిగాను. ఏం లేదంది. కళ్లలోకి చూడకుండా అంది. ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు.

ఎంత ఆలోచించినా ఒకటే తోస్తోంది. నేను వాళ్లలో మనిషిని కాను. మిగిలిపోయినప్పుడు పిలిచారు, జాలిపడి. బోర్డు దగ్గరకొచ్చేసరికి వాళ్లవాళ్లే గుర్తొచ్చారు. తప్పు పట్టడం లేదు, వాళ్లు కట్టుకున్న ఇల్లు అది. కాని తమిళపిల్లల్లో తెలుగుదాన్ని, వాళ్లలో బయటిదాన్ని, నా జట్టు ఎక్కడుందో నాకు తెలియడం లేదు.

ఆదివారాలు ఇక వెళ్లను. గదిలోనే చేసుకుంటున్నాను. నిన్న ఒక లెక్క దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నాను, అడగడానికి మనిషి లేదు. ఫ్యాక్టరీలో ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందా అని అమ్మని కనుక్కోండి.

ఉషా

---

సుంగై పెటాని,
11 మార్చి

చిన్నారి ఉషాకి మావయ్య శుభవార్త.

నీ నెత్తిమీద బరువు దించేశాను. శనివారం సమావేశం అయ్యాక ఆ ఎఫువాకి ఫోను చేశాను. "ఉషా మేనమామని, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాను, మాటాడాలి" అన్నానో లేదో, వెంటనే ఎల్‌ఆర్‌టీ రైలెక్కి వచ్చేసింది. అరిటాకు హోటల్లో కూర్చోమన్నాను. నేను కూర్చునేదాకా కూర్చోలేదు. భోంచెయ్యమంటే నేను మొదలుపెట్టేదాకా ఆకు ముట్టుకోలేదు. పెంపకం ఉన్న పిల్ల, ఒప్పుకుంటాను.

నేను మాత్రం మొహమాటపడలేదు. "తప్పినపిల్లచేత పాఠం చెప్పించే పద్ధతి మీకు బాగుంటే మీరు చేసుకోండి. మా పిల్లకి ఒక్క అవకాశమే ఉంది. దాన్ని వదిలెయ్యండి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, సాంబారు వడ్డించే అబ్బాయి బకెట్టుతో అక్కడే ఆగిపోయాడు.

వాదిస్తుందనుకున్నాను. తల వంచుకుని మొత్తం విని "మీరు తల్లికి సొంత అన్నగారా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే అంకుల్" అంది. అంతే. నా మాటలో న్యాయం ఉందని దానికీ తెలిసినట్టే కదా.

ఇక నువ్వు నిశ్చింతగా చదువుకో.

కాంతయ్య మావయ్య

---

కౌలాలంపూర్,
17 మార్చి

మావయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది మీకు చేరేసరికి మీది నాకు చేరింది. చదివిన వెంటనే ఎఫువా దగ్గరికెళ్లి అరిచాను. మీమీద అరవాల్సింది కూడా పాపం ఆమే పడింది.

ఆమె ఏమందో రాస్తాను. వాళ్లది అకాన్ జాతి. వాళ్లలో పిల్లలు తల్లి వంశానికి చెందుతారట. తండ్రి కన్నా తల్లి అన్నదమ్ముడి మాటే పెద్దదట. మేనమామని వోఫా అంటారు. వోఫా వద్దన్న పని పిల్లచేత ఎవరూ చేయించరు, ఆయన వద్దన్నాడని పిల్లకి చెప్పి ఇంట్లో తగువు పెట్టరు. అందుకే నాతో ఒక్కమాట చెప్పలేదు. మీ మాటలో న్యాయం ఉందని కాదు మావయ్యా, మీరు మా అమ్మ అన్నయ్య కాబట్టి తల వంచింది.

నేను వారంరోజులు ఆమెని ఎన్ని తిట్టుకున్నానో. ఆమె మనింటి మర్యాద కాపాడుతూ ఆ తిట్లన్నీ పడింది.

నా వంతు నాకు తిరిగి ఇమ్మన్నాను. "అన్నది మీ వోఫా, వెనక్కి తీసుకోవాల్సింది కూడా ఆయనే" అంది. ఎంత బతిమాలినా వినలేదు.

మీరు నాకు మంచే చెయ్యబోయారని తెలుసు. కాని నన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. నాకు చాలా కోపంగా ఉంది, అది పోయేదాకా ఆగి రాద్దామంటే పోవడం లేదు.

ఉషా

---

సుంగై పెటాని,
22 మార్చి

ఉషా తల్లికి,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మీ అత్తయ్య కూడా చదివింది. "ఆ గుంటకి దొరక్క దొరక్క ఓ దారి దొరికితే, మీరెల్లి కంచె కట్టీసొచ్చినారేటి?" అంది. ఆ మాటే చివరిది, మూడు పూటలుగా నాతో సైగలే.

కోపం పోయేదాకా ఆగకుండా రాసి మంచిపని చేశావు. నిన్ను అడగాల్సింది. అడగలేదు.

ఫోనులో చెప్తే సరిపోతుంది కదా అంటావేమో. ఎదురుగా కూర్చుని అన్న మాట ఎదురుగానే వెనక్కి తీసుకోవాలి. వచ్చే శనివారం వస్తున్నాను. హరి రాయా, రంజాన్ పండుగకి ముందురోజులు, కౌలాలంపూర్ జనమంతా ఊళ్లకి పోతుంటే నేనొక్కణ్ణే ఎదురు వస్తాను, బస్సు ఖాళీ. మర్నాడు ఉగాది. మన సంఘంలో పంచాంగం నేనే చదవాలి. ఈ ఏడు ఇంకెవరినైనా చూసుకోమన్నాను.

మీ సంఘం పద్ధతి నాకింకా అర్థం కాలేదని కూడా చెప్తున్నాను. ఒప్పుకోవడం వేరు, అర్థంకావడం వేరు. వెనక బెంచీలో ఒక చోటు ఉంచమను.

మావయ్య

---

సుంగై పెటాని,
5 ఏప్రిల్

ఉషా మేడమ్‌కి వెనక బెంచీ విద్యార్థి కాంతయ్య నమస్కారాలు.

తిరుగు ప్రయాణంలో రాయా ట్రాఫిక్కులో ఇపో ఊరు దాటడానికి సగం పగలు పట్టింది. మంచిదే అయింది, ఆలోచించుకోవడానికి వీలు దొరికింది.

ఎఫువాతో నేను మాట్లాడినప్పుడు నువ్వు బల్లలు సర్దుతున్నావు. "ఆరోజు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా" అన్నాను. "ఇంట్లో పెద్దలు కూడా ఒప్పుకున్నారా అంకుల్?" అని అడిగింది. "మా ఆవిడ ఒప్పుకుంది, ఆవిడ కన్నా పెద్దలు మా ఇంట్లో లేరు" అన్నాను. అప్పుడు నవ్వి, ఉగాదినాటి పాఠం నీదేనని ఒప్పుకుంది. అంత పెద్ద సంఘాన్ని నడిపే పిల్ల, నవ్వితే బళ్లో ఫారం వన్ చదివే చిన్నపిల్లలా ఉంది.

ఊరంతా సెలవులకి పోతే ఆ కాలేజీలో దీపాలు వెలుగుతున్న గది మీదొక్కటే. నువ్వు బోర్డువైపు తిరిగి ఉన్నావు కాబట్టి నీకు కనిపించనిది నాకు కనిపించింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

గోడలో దిగ్గొట్టిన దూలం గీశావు, చివర బరువు. "రెండు పరీక్షల్లోనూ నేను బోల్తాపడింది ఇక్కడే" అన్నావు. గోడ ఆ దూలాన్ని పైకి మోస్తుందని రాశావట, అది తిరిగిపోకుండా బిగించి పట్టుకుంటుందన్నది మర్చిపోయావట. తర్వాత మూలనున్న చీపురుకర్ర తెచ్చి, ముందు వరసలో కుర్రాణ్ణి దాని కొస ఒంటిచేత్తో అడ్డంగా పట్టుకోమని, అవతలి కొసకి నీ సంచీ తగిలించావు. వాడి మణికట్టు మెలితిరిగి కర్ర కిందికి వాలిపోయింది. అందరూ నవ్వారు. "బరువు మోస్తున్నాడు సరే, తిరక్కుండా పట్టుకోలేకపోతున్నాడు. నా జవాబులో లేనిది అదే" అన్నావు.

అప్పుడు నా ముందు బెంచీలో ఒకడు చప్పుడు కాకుండా రబ్బరు తీసి తన బొమ్మలో ఏదో చెరుపుకున్నాడు. పక్కపిల్ల అది చూసింది. తన పుస్తకం వాడివైపు జరిపింది. అందులోనూ అదే తప్పు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అంతవరకు ఎవరికి వారే ఆ తప్పు లోకంలో తమ ఒక్కరిదే అనుకుని చెయ్యడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత చేతులు లేచాయి చూడు. అన్ని ప్రశ్నలు నేను నా క్లాసులో ఏనాడూ వినలేదు.

వచ్చినపిల్ల బోర్డు దగ్గర నిలబడితే మిగతావాళ్లు చూసి రాసుకుంటారు. తప్పినపిల్ల నిలబడితే వాళ్ల తప్పులు వాళ్లే బయటికి తీస్తారు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, ఇరవై ఏళ్ల పిల్లలకి తట్టింది. వాళ్లమీద గౌరవంగా ఉంది. కాస్త కుళ్లుగా కూడా ఉంది.

అత్తయ్య పంపిన పులిహోర నిమిషాల్లో ఖాళీ చేశారు. వాళ్లు పెట్టిన ఎర్రటి అన్నం, జొలాఫో ఏదో అన్నారు, నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. రెంటిలో ఏది బాగుందో ఈ ఇంట్లో ఉండగా రాయలేను.

బాగా చెప్పావమ్మా. ఎక్కడా ఎర్ర ఇంకు అవసరం పడలేదు.

మావయ్య

---

కౌలాలంపూర్,
18 జూన్

మావయ్యా, అత్తయ్యా,

ఫోనులో అరిచాను కదా, ఇప్పుడు తెలుగులో నెమ్మదిగా చెప్తాను. పాసయ్యాను. సి ప్లస్. గోడదూలం రానేలేదు, గోడకి చేరేసిన నిచ్చెన వచ్చింది. చూడగానే జాంబియా అబ్బాయి ఒక ఆదివారం చెప్పిన, నిచ్చెన లెక్కలో తాను బోల్తాపడ్డ కథ గుర్తొచ్చి పరీక్ష హాల్లో నవ్వొచ్చింది. నాతో మళ్లీ రాసినవాళ్లలో ఆదివారాలు వచ్చినవాళ్లందరూ గట్టెక్కారు. నేను మెకానికల్‌లోనే ఉంటున్నాను. ఫ్యాక్టరీ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి.

ఒంటరిగా అయితే నా వల్ల అయ్యేది కాదు. ఇది వినయానికి అనడం లేదు, నాకు తెలుసు కాబట్టి అంటున్నాను.

ఇంకో సంగతి. ఆగస్టులో ఎఫువా పట్టా పుచ్చుకుంటోంది. హాల్లోకి పట్టా పుచ్చుకునేవాళ్లు ఒక్కొక్కరి తరఫున ఇద్దరు పెద్దలకే చోటు. వాళ్లమ్మ అంత దూరం రాలేదు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఈ పిల్లని పెంచి చదివించింది మేనమామ. ఇంజనీరింగ్ చదవమని పట్టుబట్టిందీ ఆయనే. ఆమె రెండో సంవత్సరంలో ఉండగా ఆయన పోయాడు, పరీక్షల మధ్య, వెళ్లలేకపోయింది. ఇవన్నీ నాకు నిన్ననే తెలిశాయి. సంఘంలో పిల్లలకి తెలుసు. ఆ వారమంతా ముందు రెండు వరసలవాళ్లూ నల్లబట్టలు కట్టుకుని కూర్చున్నారట. లెక్చరర్లకి ఎందుకో అర్థం కాలేదట.

నిన్న నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మీ వోఫా నా కోసం వస్తారా? మేనమామ అనే మనిషి బస్సెక్కి వచ్చి నన్ను కూర్చోబెట్టి తిట్టి ఎన్నాళ్లయిందో. ఆరోజు హోటల్లో ఆయన గట్టిగా మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. తల వంచుకున్నది అందుకే" అంది.

మీరు రాలేనన్నా ఏమీ అనుకోదట. నేను మాత్రం అనుకుంటాను.

ఉషా

---

సుంగై పెటాని,
19 ఆగస్టు

ఉషాకి,

పట్టాలిచ్చిన రోజు నువ్వూ మీ సంఘం పిల్లలూ బయట టీవీ తెర దగ్గర ఉండిపోయారు. లోపల జరిగింది నీకు రాస్తానని ఎఫువాకి మాటిచ్చాను.

మీ అత్తయ్య కంచిపట్టు చీర, నేను జరీ పంచె. మల్లెపూలు తెచ్చింది కదా, ఆ పిల్లకి ఒక్క జడా? తలనిండా సన్నటి జడలు. ఏ జడకి పెట్టాలో తెలియక కాసేపు తికమకపడి, అన్నీ కలిపి ముడేసి చుట్టూ తిప్పేసింది. పైన టోపీ నిలవలేదు. ఆ పిల్ల టోపీ చేత్తో పట్టుకుందిగాని పూలు తియ్యలేదు.

మా పక్కన ఒక మలాయి తల్లి కూర్చుంది. కొడుకు వెళ్లిరాగానే కళ్లు తుడుచుకుని నావైపు తిరిగి, మీవాళ్లెవరని అడిగింది. అప్పుడే ఎఫువా పేరు పిలిచారు. అంతవరకు చప్పట్లు మర్యాదగా కొట్టిన హాలు బయటినుంచి మీ అరుపులు వినిపించి ఉలిక్కిపడింది. గోడలున్నాయని కూడా మర్చిపోయారర్రా మీరు. నేను లేచి నిలబడ్డాను. అలా నిలబడకూడదట, వెనకాయన కూర్చోమన్నాడు. మీ అత్తయ్య "ఉండండి లా, మా పిల్ల" అని తమిళంలో ఆయన నోరు మూయించింది.

"అనాక్?" అంది ఆ మలాయి తల్లి వేదికవైపు చూపిస్తూ. మీ పిల్లా అని.

"అనాక్ సౌదారా" అన్నాను. మేనకోడలు అని.

ఆమె ఎఫువాని చూసింది, నన్ను చూసింది, పంచె చూసింది. "టింగ్గి" అంది చివరికి. పొడుగు పిల్ల అని. అవునన్నాను. వాళ్ల మేనమామ పోలిక అన్నాను. నిజమో కాదో నాకు తెలియదు, అనాలనిపించింది.

పట్టా పుచ్చుకుని తిన్నగా మా వరసలోకే వచ్చింది. వరుస తప్పి రాకూడదని ఎవరో ఆపబోయారు, ఆగలేదు. ఆ పట్టా నా చేతుల్లో పెట్టి "వోఫా" అంది. ఏడ్చాను. పట్టా తడవకుండా మీ అత్తయ్య లాక్కుంది.

వచ్చే నెలలో ఆ పిల్ల కుమాసి వెళ్లిపోతోంది. వెళ్లేలోగా ఒకసారి మన ఊరు తీసుకురా. అత్తయ్య ఇప్పటినుంచే వడియాలు ఎండబెడుతోంది.

మీ ఇద్దరి మావయ్య,
కాంతయ్య